మనవరాలి హోంవర్క్ పుణ్యమా అని... అమెరికా చరిత్ర నెట్‌లో ఎక్కడ చదవాలి?

ఒంగోలు మేష్టారు

అందరికీ నమస్కారం. ముప్పై రెండేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఇప్పుడు క్లీవ్‌లాండ్ దగ్గర మా అబ్బాయి ఇంట్లో ఉన్నాం, ఆరు నెలలకని వచ్చాం. బయట మోకాలి లోతు మంచు. పొద్దున తొమ్మిదయ్యేసరికి ఎవరి లాప్‌టాప్ ముందు వాళ్లు. నాకు మిగిలింది మా మనవరాలి హోంవర్క్.

అది ఎనిమిదో తరగతి. మొన్న బిల్ ఆఫ్ రైట్స్ (అమెరికా రాజ్యాంగానికి చేసిన హక్కుల సవరణలు) అసలు కాగితం ఫొటో నెట్‌లో తీసి, "తాతా, పైన కాంగ్రెఫ్స్ అని ఉందేంటి? అంత పెద్ద కాగితంలో స్పెల్లింగ్ తప్పా?" అంది. నాకు తెలీదు. రెండో ప్రశ్న ఇంకా ఇరకాటం. "ఫస్ట్ అమెండ్‌మెంట్ అంటే వాక్ స్వాతంత్ర్యం అని మా టీచర్ చెప్పింది. ఇక్కడ అది మూడోదిగా ఉంది." ముప్పై రెండేళ్ల సర్వీసు ఆ మంచులో కలిసిపోయింది.

మా పాఠ్యపుస్తకంలో అమెరికా అంటే బోస్టన్‌లో తేయాకు పెట్టెలు సముద్రంలో పారబోయడం, వాషింగ్టన్, లింకన్, అంతే. నాలుగు పేజీలు, ఒక మ్యాపు, నాలుగు మార్కుల ప్రశ్న ఒకటి. ఇప్పుడు తీరిక ఉంది. వీడియోలు వద్దు, అందులో మ్యూజిక్కే ఎక్కువ. అసలు కాగితాలు చూడాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి. డబ్బు కట్టేవి వద్దు, పింఛను రూపాయల్లో వస్తుంది.

పాతకాగితాలు

మేష్టారూ, నమస్తే. నేనిక్కడ ఒక యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తాను. మీ మనవరాలికి ముందు నా తరఫున ఒక చాక్లెట్ ఇవ్వండి.

అది ఎఫ్ కాదండీ, పొడుగు ఎస్. పద్దెనిమిదో శతాబ్దంలో పదం మధ్యలో వచ్చే చిన్న ఎస్‌ని అలా నిలువుగా సాగదీసి రాసేవారు. రెండు ఎస్‌లు పక్కపక్కన వస్తే మొదటిది పొడుగుది, రెండోది మామూలుది. ఎఫ్‌కి ఉండే అడ్డగీత దానికి పూర్తిగా ఉండదు. పెద్దది చేసి చూడండి, తేడా తెలుస్తుంది.

రెండో ప్రశ్నకి జవాబు ఇంకా బావుంటుంది. 1789లో కాంగ్రెస్ రాష్ట్రాలకు పంపిన సవరణలు పది కాదు, పన్నెండు. మొదటి రెండిటికీ చాలినన్ని రాష్ట్రాలు ఒప్పుకోలేదు. 1791 చివరికి మిగిలిన పదీ నెగ్గాయి. అందుకని కాగితం మీద మూడోది చట్టంలో మొదటిదైంది. మరి ఆగిపోయిన ఆ రెండూ? గడువు పెట్టలేదు కాబట్టి అలాగే పడి ఉన్నాయి. రెండోది కాంగ్రెస్ సభ్యుల జీతాల గురించి. 1982లో టెక్సస్‌లో ఒక డిగ్రీ కుర్రాడు, గ్రెగరీ వాట్సన్, ఇది ఇంకా బతికే ఉందని క్లాసులో పేపర్ రాశాడు. సి గ్రేడు వచ్చింది. రోషం పుట్టి రాష్ట్రాల శాసనసభలకి ఉత్తరాలు రాయడం మొదలుపెట్టాడు. పదేళ్లు రాశాడు. 1992లో అది 27వ సవరణ అయి కూర్చుంది. 2017లో యూనివర్సిటీ వాళ్లు ఆ సి గ్రేడుని 'ఏ' గ్రేడుగా మార్చారు.

మేష్టారూ, మీరైతే ఎన్ని వేసేవారు?

అసలు కాగితం వాషింగ్టన్‌లోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉంది, ఫొటో వాళ్ల సైట్‌లోనే. దానితో పాటు ఫౌండర్స్ ఆన్‌లైన్ అని వాళ్లదే ఇంకోటుంది. వాషింగ్టన్, ఆడమ్స్, జెఫర్సన్, ఫ్రాంక్లిన్, హామిల్టన్, మాడిసన్ రాసిన ఉత్తరాలు, వాళ్లకొచ్చినవి, లక్షా ఎనభై వేలకు పైగా. పైసా కట్టక్కర్లేదు. ఒక పేరూ ఒక సంవత్సరమూ కొట్టి చదువుకుంటూ పోవడమే. పళ్ల నొప్పుల దగ్గర్నుంచి విత్తనాల బేరం దాకా అన్నీ ఉంటాయి.

ఒంగోలు మేష్టారు

సి గ్రేడు నేనూ వేసేవాణ్నేమో బాబూ. సిలబస్‌లో లేదని.

గుంటూరు కారం

ఇంత కష్టం ఎందుకు సార్, చాట్‌బాట్‌ని అడిగితే రెండు సెకన్లలో చెప్తుంది కదా.

పాతకాగితాలు

అడగండి, తప్పులేదు. చెప్పాక "ఆ కాగితం ఎక్కడుంది?" అని కూడా అడిగి, వెళ్లి ఆ కాగితం చూడండి. ఉంటే మంచిదే. లేకపోతే అప్పుడు మాట్లాడుకుందాం.

సుభద్ర_న్యూజెర్సీ

మేష్టారు గారూ, నాకైతే కాగితాల కంటే ఫొటోలతో మొదలుపెట్టడం తేలికనిపించింది. నేనిక్కడికి వచ్చిన కొత్తలో వీసా వల్ల ఉద్యోగం లేదు. పిల్లాడు పడుకున్నాక లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో కూర్చునేదాన్ని. ఇంటి పక్క ఊరి ఆడవాళ్లతో మాట్లాడినట్టు ఉండేది.

1930ల్లో మాంద్యం వచ్చినప్పుడు పల్లెల స్థితి చూపించాలని ప్రభుత్వమే ఫొటోగ్రాఫర్లను పంపింది. ఆ విభాగం పేరు ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్. ఒక లక్షా డెబ్బై అయిదు వేల దాకా నెగెటివ్‌లు ఉన్నాయి. ప్రభుత్వోద్యోగులు తీసినవి కాబట్టి కాపీరైట్ లేదు, పెద్ద సైజులో దించుకోవచ్చు. వాటిలో ఒకటి మీరు చూసే ఉంటారు. చెయ్యి చెంపకి ఆనించుకుని ఎటో చూస్తున్న తల్లి, రెండు భుజాల మీదా మొహాలు దాచుకున్న పిల్లలు. 1936లో కాలిఫోర్నియాలో బఠాణీ తోట దగ్గర డొరొథియా లాంగ్ తీసింది.

నేను చెప్పాలనుకున్నది ఆ ఫొటో గురించి కాదు, దాని పక్కనున్న వాటి గురించి. లాంగ్ ఆ రోజు తీసిన మిగతావీ ఉన్నాయక్కడ. దూరం నుంచి గుడారం, తర్వాత దగ్గరగా, ఇంకా దగ్గరగా. వరసగా చూస్తే ఆమె అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్లడం కనిపిస్తుంది. ఇంకోటి. ఫొటో కింది మూల గుడారం కర్రని పట్టుకున్న బొటనవేలు అడ్డొచ్చిందని తర్వాత దాన్ని చెరిపించారు. చెరపని ప్రింటు కూడా అదే సైట్‌లో ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని నేను వేలి కోసం అరగంట వెతికాను.

ఆ తల్లి పేరు ఎవరికీ తెలీదు, 1978 దాకా. లాంగ్ అడగలేదు. అప్పుడు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అనే ఆవిడ అది నేనే అని బయటికి వచ్చింది. ఆవిడ చెరోకీ తెగ మనిషి. ఆ ఫొటో వల్ల ఒక్క పైసా రాలేదంది. తిండి కోసం కారు టైర్లు అమ్ముకున్నారని లాంగ్ రాసుకుంది. మేం టైర్లు ఎప్పుడమ్మాం, అవే లేకపోతే ఊరు ఎలా దాటేవాళ్లం అన్నారు ఇంట్లోవాళ్లు. ఫొటో కింద రాసిందల్లా నిజం అనుకునేదాన్ని అప్పటిదాకా.

అలాగే ఎల్లిస్ ఐలాండ్ రికార్డులు కూడా చూడండి. ఓడ దిగినవాళ్ల పేర్లన్నీ ఉంటాయి. మా పక్కింటి పోలండ్ తాతగారు చెప్పేవారు, వాళ్ల నాన్న ఇంటిపేరు నోరు తిరక్క అక్కడి ఆఫీసర్లు కత్తిరించేశారట.

పాతకాగితాలు

సుభద్ర గారూ, ఫొటోల సంగతి చక్కగా చెప్పారు. పేరు కత్తిరించడం మాత్రం ఈ దేశంలో ఇంటింటా చెప్పుకునే కథ. ఎల్లిస్ ఐలాండ్ 1892 నుంచి 1954 దాకా నడిచింది, 1 కోటి 20 లక్షల మంది దాకా దాని గుండా వచ్చారు. అక్కడి ఆఫీసర్లు పేర్లు కొత్తగా రాసేవారు కాదు. ఓడ బయల్దేరిన రేవులోనే కంపెనీ గుమస్తాలు రాసిన జాబితా ఉండేది, వీళ్లు దాన్ని చూసి టిక్కు పెట్టేవాళ్లు. చాలామంది ఇక్కడ నాలుగేళ్లు ఉన్నాక ఉద్యోగం కోసమో, బడిలో పిల్లల్ని ఏడిపిస్తున్నారనో వాళ్లే మార్చుకున్నారు. మనవళ్లకి చెప్పేటప్పుడు ఆఫీసర్ మీద పెడితే కథ బావుంటుంది మరి.

లక్ష్మీ_డల్లాస్

ఎల్లిస్ ఐలాండ్ సంగతేమో గానీ మా ఆయన వీసా మీద ఫస్ట్ నేమ్ ఎఫ్‌ఎన్‌యూ అని పడింది, అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్. పాస్‌పోర్ట్‌లో పేరంతా ఒకే గడిలో ఉండటం వల్ల. మూడేళ్లు బ్యాంకులో అందరూ "మిస్టర్ ఫ్నూ" అని పిలిచారు. వందేళ్ల తర్వాత మా మునిమనవడు ఏం కథ చెప్పుకుంటాడో 😄

గుంటూరు కారం

ఫ్నూ గారికి నమస్కారాలు చెప్పండి అక్కా.

బ్లూస్‌పిచ్చి

కాగితం, ఫొటో అయ్యాయి. చెవులతో కూడా చదవచ్చు మేష్టారూ.

జాన్ లోమాక్స్, ఆయన కొడుకు ఆలన్, 1933లో కారు డిక్కీలో బండెడు రికార్డింగు మెషీను వేసుకుని దక్షిణాదికి వెళ్లారు, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తరఫున. అక్కడి జైళ్లకి కూడా వెళ్లారు. ఎందుకంటే, బయటి రేడియో చెవిన పడని పాత పాటలు అక్కడే దొరుకుతాయని. లూసియానాలో అంగోలా జైల్లో లెడ్ బెల్లీ అనే ఖైదీ దొరికాడు. ఆ గొంతు వింటే తెలుస్తుంది. ఆయన 1949 డిసెంబర్‌లో పోయాడు. మరుసటి ఏడాది ఆయన పాటే ఇంకెవరో పాడితే దేశమంతా మోగింది. హక్కుల దగ్గర లోమాక్స్ పేరు కూడా పడింది. అదో పెద్ద గొడవ, ఇప్పటికీ తగ్గలేదు.

1941లో మిసిసిపీలో స్టోవాల్ అనే ప్లాంటేషన్‌లో ట్రాక్టర్ తోలే ఒక కుర్రాడి పాట రికార్డు చేశారు. తన గొంతు తనకే వినిపించేసరికి నేను పాడగలను అనుకున్నాడట. రెండేళ్లకి షికాగో రైలెక్కాడు. తర్వాత పెద్ద బ్లూస్ గాయకుడైన మడ్డీ వాటర్స్ అతనే.

అసలు చెప్పాలనుకున్నది ఇది. 1936-38 మధ్య ప్రభుత్వం నిరుద్యోగ రచయితలకి పని ఇచ్చింది, బానిసత్వం చూసిన ముసలివాళ్ల దగ్గరికి వెళ్లి వాళ్ల మాటలు రాసుకురమ్మని. 2,300కు పైగా కథనాలు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో ఉన్నాయి. నేను చదవడం మొదలుపెట్టి బిత్తరపోయాను. కొంతమంది "మా దొర మంచోడు" అంటున్నారు. అదేంటని తవ్వితే ఒక జత దొరికింది. చార్ల్‌స్టన్‌లో సూజన్ హామిల్టన్ అని ఒక అవ్వ. ఆవిడని రెండుసార్లు ఇంటర్వ్యూ చేశారు. ఒకసారి తెల్లావిడ వెళ్లింది. అవ్వ ఆవిడ్ని సహాయం ఇచ్చే ఆఫీసు మనిషి అనుకుంది. దొర మంచివాడు అని చెప్పింది. ఇంకోసారి నల్లజాతి అతను వెళ్లాడు. అప్పుడు కొరడా దెబ్బలు, తల్లి దగ్గర్నుంచి పిల్లల్ని అమ్మేయడం, అన్నీ చెప్పింది. ఒకే మనిషి, ఒకే ఇల్లు, ఒకే దొర.

ఎవరడిగారు, ఎవరు రాశారు అన్న గడి ముందు చూసుకోండి. తర్వాతే కింద ఏముందో చదవండి.

ఒంగోలు మేష్టారు

బ్లూస్ గారూ, ఇది చదివి రాత్రి నిద్ర పట్టలేదు. జనాభా లెక్కలకి మేం టీచర్లం వెళ్లేవాళ్లం. నేను పల్లెలోకి వెళ్తే ఒక జవాబు, కరణంగారబ్బాయి వెళ్తే ఇంకో జవాబు. రెండూ ఆఫీసుకి ఒకే ఫారం మీద వెళ్లేవి.

జనాభా లెక్కలంటే గుర్తొచ్చింది. ఇక్కడివి పేర్లతో సహా నెట్‌లో ఉంటాయట కదా?

పాతకాగితాలు

ఉంటాయి. 72 ఏళ్లు దాటాక తెరుస్తారు. 1950ది 2022 ఏప్రిల్ 1న తెరిచారు, నేషనల్ ఆర్కైవ్స్ సైట్‌లో ఉచితం. కంప్యూటర్‌తో చేతిరాత చదివించి పేర్ల సూచిక చేశారు. అది కొంచెం తప్పులతడక, కాబట్టి పేరుతో దొరక్కపోతే వీధితో వెతకండి. 1890ది మాత్రం అడక్కండి, 1921లో మంటల్లో చాలావరకు పోయింది.

మీ అబ్బాయి ఇల్లు పాతదైతే సాన్‌బోర్న్ మ్యాపులు కూడా చూడండి. అగ్నిప్రమాద బీమా కంపెనీల కోసం ఇంటింటి పటం గీశారు. ఇటుక ఇల్లయితే గులాబీ రంగు, చెక్క ఇల్లయితే పసుపు.

ఒంగోలు మేష్టారు

దొరికింది! ఇల్లు 1929లో కట్టిందట. 1950లో ఇందులో హంగరీలో పుట్టిన ఒకాయన, భార్య, ఇద్దరు కూతుళ్లు, ఒక అద్దెకుర్రాడు ఉన్నారు. ఆయన ఫ్యాక్టరీలో టూల్స్ చేసేవాడు. ఇప్పుడు నేను పడుకునే గదిలోనే ఆ అద్దెకుర్రాడు ఉండేవాడని మా మనవరాలు తేల్చేసింది. కోడలు మాత్రం "మావయ్యగారూ, రాత్రిపూట ఇవన్నీ చెప్పకండి" అంటోంది.

ఒకటి గమనించాను. రేస్ అన్న గడిలో ఆ పేజీ పైనుంచి కిందిదాకా డబ్ల్యూ, డబ్ల్యూ, డబ్ల్యూ. మా వీధే కాదు, పక్క పేజీ కూడా.

శ్రీకాకుళం చిన్నోడు

మేష్టారూ, దానికి జవాబు ఇంకో చోట ఉంది. రిచ్‌మండ్ యూనివర్సిటీ వాళ్ల మ్యాపింగ్ ఇనీక్వాలిటీ చూడండి. 1933లో ఇంటి అప్పుల కోసం పెట్టిన ఫెడరల్ సంస్థ ఒకటి 1935-40 మధ్య రెండు వందలకు పైగా నగరాలకి రంగులేసిన మ్యాపులు చేసింది. ఆకుపచ్చ అంటే అప్పు ధీమాగా ఇవ్వచ్చు, తర్వాత నీలం, పసుపు. ఎరుపు అంటే ప్రమాదం. క్లీవ్‌లాండ్ మ్యాపులో షేకర్ హైట్స్ పచ్చగా, సెడార్-సెంట్రల్ ఎర్రగా ఉంటాయి. ప్రతి పేటకీ ఒక ఫారం ఉంది. దాంట్లో నీగ్రోలు ఉన్నారా, ఎంత శాతం అని ఒక గడి. "చొరబాటు" అని ఇంకో గడి! అవే మాటలు.

నేను హైదరాబాద్‌లో పీజీ చేస్తున్నా. అమెరికా ఎప్పుడూ చూడలేదు. కానీ ఆ ఫారం చూడగానే మా ఊరు గుర్తొచ్చింది. ఊరొకచోట, వాడొకచోట. మాకు రంగులేసిన మ్యాపు అక్కర్లేకపోయింది, అందరికీ తెలుసు.

గుంటూరు కారం

ప్రతిదాంట్లోకీ కులం తీసుకురాకపోతే తోచదా తమ్ముడూ? అక్కడ రంగు వేరు, ఇక్కడ కథ వేరు. పైగా అవన్నీ పాత సంగతులు, చట్టం వచ్చి పోయాయి.

శ్రీకాకుళం చిన్నోడు

అన్నా, తెచ్చింది నేను కాదు. అంబేద్కర్ 1946లో అక్కడి నల్లవాళ్ల నాయకుడు, రచయిత డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కి ఉత్తరం రాశారు. ఇక్కడి అస్పృశ్యుల స్థితికీ అక్కడి నల్లవాళ్ల స్థితికీ ఇంత పోలిక ఉండగా వాళ్ల గురించి చదవడం సహజమే కాదు, అవసరం కూడా అని. నల్లవాళ్ల తరఫున ఐక్యరాజ్యసమితికి ఇస్తున్న అర్జీ కాపీ పంపమని అడిగారు. డుబోయిస్ జూలై 31న జవాబు రాశారు. మసాచుసెట్స్ యూనివర్సిటీ, ఆమ్‌హర్స్ట్ వాళ్ల డుబోయిస్ కాగితాల్లో రెండు ఉత్తరాలూ స్కాన్ చేసి పెట్టారు. టైపు కొట్టిన అక్షరాలు, కింద సంతకం. చూసి రండి, తర్వాత తిట్టండి.

అంతకు ముందే, 1873లో, ఫూలే తన పుస్తకాన్ని బానిసత్వం తీసేసిన అమెరికా జనానికి అంకితమిచ్చాడు.

పాతకాగితాలు

చట్టం గురించి ఒక మాట. ఇళ్ల అమ్మకాల్లో, అద్దెల్లో వివక్ష కూడదన్న ఫెయిర్ హౌసింగ్ చట్టం 1968 ఏప్రిల్ 11న వచ్చింది, మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపిన వారానికి. అంతకు ముందే 1948లో, ఫలానా జాతివాళ్లకి అమ్మరాదని దస్తావేజుల్లో రాసుకున్న షరతుల్ని కోర్టులు అమలు చేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ఇక మ్యాపుల సంగతి. ఆ రంగుల మ్యాపుల వల్లే అంతా జరిగిందని నెట్‌లో రాసేస్తుంటారు. చరిత్రకారుల్లో దాని మీద గట్టి వాదన ఉంది. ఆ సంస్థ ఎర్ర పేటల్లో కూడా అప్పులిచ్చింది. 1934లో ఇంటి అప్పులకి పూచీ ఇవ్వడానికి పెట్టిన ఎఫ్‌హెచ్‌ఏ అనే ఇంకో సంస్థ తన రూల్స్‌తో చేసిన చెడుపే ఎక్కువని కొందరి వాదన. మ్యాపు కంటికి ఆనుతుంది కాబట్టి నేరమంతా దాని మీద పడింది. చిన్నోడా, ఈ ముక్క పీజీలో రాస్తే మంచి మార్కులొస్తాయి.

వేదిక పెద్ద

కారం గారూ, చిన్నోడు గారూ, వాదించుకోండి, పర్వాలేదు. మనుషుల మీదకి మాత్రం వెళ్లకండి. రెండు పోస్టులు తీసేశాను, ఎవరివో వాళ్లకి తెలుసు.

గుంటూరు కారం

ఒకటి నాదే. సారీ తమ్ముడూ. ఉత్తరం చూశాను.

ఒంగోలు మేష్టారు

నేనూ చూశాను. సెడార్-సెంట్రల్ పేజీ కూడా తీశాను, 1950 లెక్కల్లో. అక్కడ గడి నిండా "నెగ్" అని రాసుంది. నీగ్రోకి పొట్టి రూపం. మా ఇంటికీ అక్కడికీ కారులో ఇరవై నిమిషాలు. మొన్న కూరగాయలకి వెళ్తూ ఆ వైపు నుంచే వెళ్లాం. మా అబ్బాయి "నాన్నా, అద్దాలు ఎత్తెయ్" అన్నాడు. పదమూడేళ్లుగా ఇక్కడున్నాడు, ఎందుకలా అన్నాడో వాడికీ తెలీదు. ఇదే నగరం 1967లో కార్ల్ స్టోక్స్ అనే నల్లాయన్ని మేయర్‌గా ఎన్నుకుంది, అంత పెద్ద నగరాల్లో అదే మొదలు, అని సాయంత్రం వాడికి చెప్పాను. "అవునా" అన్నాడు.

ఇంతకీ, మన వాళ్ల ఆనవాళ్లు ఏమైనా దొరుకుతాయా ఈ పాత కాగితాల్లో? మా జిల్లా కనిగిరి వైపు దరిశి చెంచయ్య గారు మొదటి ప్రపంచయుద్ధానికి ముందే కాలిఫోర్నియాకి చదువుకి వచ్చి, బ్రిటిష్ పాలనని కూలదోయాలన్న గదర్ పార్టీలో చేరారని విన్నాను.

పాతకాగితాలు

నిజమే. గదర్ సామగ్రికి, పాతకాలపు వలసలకి శాడా అని ఫిలడెల్ఫియాలో ఒక డిజిటల్ ఆర్కైవ్ ఉంది, దక్షిణాసియా వాళ్లది, 2008 నుంచి. పాత పత్రికలకి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల క్రానిక్లింగ్ అమెరికా ఉంది, రెండు కోట్లకు పైగా పేజీలు. అక్కడ ఒక కిటుకు. ఇండియన్ అని కొడితే అక్కడి ఆదివాసీలు వస్తారు. అప్పట్లో మనల్ని సిక్కులూ ముస్లింలూ తేడా లేకుండా అందర్నీ "హిందూ" అనేవారు, చివర యూ బదులు రెండు ఓలు పెట్టి. అలా కొడితే 1907 సెప్టెంబర్‌లో వాషింగ్టన్ రాష్ట్రం బెల్లింగ్‌హామ్‌లో కోత మిల్లుల్లో పనిచేసే మనవాళ్లని ఊళ్లోంచి తరిమేసిన గొడవ వస్తుంది. పత్రికలు దాన్ని ఏ స్వరంలో రాశాయో చదవండి. 1923లో సుప్రీంకోర్టు భగత్ సింగ్ తింద్ కేసులో మనవాళ్లు పౌరులు కాలేరంది. 1946లో ఏడాదికి వంద మందిని రానిచ్చారు. మన సాఫ్ట్‌వేర్ జనమంతా 1965 వలస చట్టం తెరిచిన తలుపులోంచి వచ్చినవాళ్లమే.

ఇంకోటుంది. మీరు ఒంగోలు అన్నారు కాబట్టి చెప్తున్నా. అమెరికా బాప్టిస్టులు, లూథరన్లు నెల్లూరు, ఒంగోలు, గుంటూరు నుంచి ప్రతి ఏడాదీ ఇక్కడి ఆఫీసుకి రిపోర్టులు రాసేవారు. ఆ వార్షిక నివేదికలు, మిషన్ పత్రికలు ఇంటర్నెట్ ఆర్కైవ్, హాతీట్రస్ట్ సైట్లలో స్కాన్ చేసి ఉన్నాయి. తెలుగు అని మామూలు స్పెల్లింగ్‌తో దొరక్కపోతే రెండుచోట్లా డబుల్ ఓ పెట్టి కొట్టండి. 1853లో ఆల్బనీలో వాళ్ల సభ జరిగితే, నెల్లూరు మిషన్ మూసేద్దామా అని చర్చ. మ్యాపు మీద ఒంటరి చుక్కలా ఉందని ఎవరో అన్నారు. ఆ రాత్రి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ కూర్చుని ఆ ఒంటరి చుక్క మీద పద్యం రాశాడు. మూయలేదు. ఈ స్మిత్ ఎవరంటే, బడిపిల్లలు పాడే అమెరికా దేశభక్తి గీతం రాసినాయనే. మీ మనవరాలికి ఆ పాట వచ్చే ఉంటుంది.

గుంటూరు కారం గారికి కూడా పని ఉంది. లూథరన్ మిషనరీలు హేయర్ 1842లో, డాక్టర్ ఆనా కుగ్లర్ 1883లో మీ ఊరు వచ్చారు. ఆవిడ ఫిలడెల్ఫియా ఆడవాళ్ల మెడికల్ కాలేజీలో చదివింది. మన ఆనందీబాయి జోషి చదివిన కాలేజీ.

గుంటూరు కారం

నేను కుగ్లర్ ఆస్పత్రిలోనే పుట్టా! కుగ్లర్ అంటే ఏదో వీధి పేరనుకున్నా ఇన్నాళ్లూ.

సుభద్ర_న్యూజెర్సీ

పాతకాగితాలు గారూ, మన తెలుగు పుస్తకాలు ఇక్కడి లైబ్రరీల్లో అన్నెందుకున్నాయో కూడా చెప్పండి, ఒకసారి చెప్పారు నాకు.

పాతకాగితాలు

గోధుమల వల్ల. పీఎల్ 480 అనే తిండిగింజల సాయం చట్టం కింద అమెరికా మనకి గోధుమలు పంపితే మనం రూపాయల్లో కట్టాం. ఆ రూపాయలు ఇండియాలోనే ఖర్చుపెట్టాలి. అందులో కొంత సొమ్ముతో 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్లు ఢిల్లీలో ఆఫీసు పెట్టి, అచ్చయిన పుస్తకాలు కొని ఇక్కడి యూనివర్సిటీలకు పంపారు. నేను రోజూ దుమ్ము దులిపేవి అవే. ఒక్కోదాని మీద విజయవాడ షాపు ముద్ర ఇంకా ఉంటుంది.

మేష్టారు కనిపించడం లేదు. ఏమైంది?

ఒంగోలు మేష్టారు

ఉన్నానమ్మా, బాబూ. మూడు రోజులు ఆ రిపోర్టుల్లోనే ఉన్నాను. మనవరాలు పీడీఎఫ్ పేజీలు పెద్దవి చేసి పెడుతోంది.

ఇన్నాళ్లూ ఇక్కడ చెప్పలేదు. మా ముత్తాతది ఒంగోలు దగ్గర పల్లె. పల్లె అంటే మా వైపు వాళ్లకి తెలుస్తుంది, చిన్నోడికీ తెలుస్తుంది. మా ఇంట్లో ఒక మాట తరాలుగా ఉంది. కరువులో క్లౌ దొర కాలవ పని ఇచ్చాడు, తర్వాత గుండ్లకమ్మలో మునిగాం అని. మా నాయనమ్మ చెప్పేది. నేను సగం నమ్మేవాణ్ని, సగం ముసలామె కథ అనుకునేవాణ్ని.

మొత్తం ఉంది. అయొవా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ క్లౌ 1876-78 కరువులో బకింగ్‌హాం కాలవలో మూడు మైళ్ల పైచిలుకు కాంట్రాక్టు తీసుకుని మాదిగలకి, మిగతావాళ్లకి తవ్వకం పని ఇచ్చాడు. కూలి పనులు సాగినన్నాళ్లూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడు, అన్నం కోసం వచ్చారంటారని. 1878 జూలై 3న వెలుంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజులో 2,222 మందికి ఇచ్చారు. బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి, మధ్యలో ఎండకి ఆపి, సాయంత్రం దాకా.

బ్లూస్ గారూ, మీ మాట ప్రకారం ఎవరు రాశారన్న గడి ముందు చూశాను. రాసింది దొరలు. చదివింది అమెరికాలో చందాలిచ్చేవాళ్లు. అందుకని అంకె పెద్దగా ఉంది. నేను పేరు కోసం వెతికాను. మూడు రోజులు. బోధకుల పేర్లున్నాయి, ఎర్రగుంట్ల పేరయ్య పేరు ఉంది. మా ముత్తాత పేరు లేదు. ఆ 2,222లో ఎవరి పేరూ లేదు.

బ్లూస్‌పిచ్చి

మేష్టారూ... ఇక్కడ నల్లవాళ్లు పూర్వీకుల్ని వెతుక్కుంటూ వెళ్తే 1870 దగ్గర గోడ తగులుతుంది. అంతకు ముందు 1850, 1860 లెక్కల్లో బానిసలకి వేరే ఫారం. యజమాని పేరు రాసి, దాని కింద వయసు, ఆడా మగా, రంగు. పేరుకి గడే లేదు. 35, మగ. 12, ఆడ. అంతే. ఆ గోడ దాటడానికి వాళ్లు యజమాని వీలునామాలు, అమ్మకం కాగితాలు తవ్వుతారు. విడుదలయ్యాక తప్పిపోయిన అమ్మ కోసం, తమ్ముడి కోసం పత్రికల్లో వేసుకున్న ప్రకటనలు కూడా. విల్లనోవా యూనివర్సిటీ వాళ్లు వాటిని లాస్ట్ సీన్ అని సైట్‌లో పెట్టారు. ఒకేసారి ఎక్కువ చదవలేరు.

శ్రీకాకుళం చిన్నోడు

మేష్టారూ, ఒక డౌటు. సుమారు రెండు వేలు అని రాస్తే ఎవరో అంచనా వేశారనుకోవచ్చు. 2,222 అని రాశారంటే ఎవరో ఒక్కొక్కరినీ రాసుకునే ఉండాలి కదా?

పాతకాగితాలు

అదే నేనూ అనుకుంటున్నా. అమెరికాకి పంపింది మొత్తం అంకె. జాబితా అక్కడే ఉండిపోయుండాలి, సంఘం పుస్తకాల్లో. ఉందో, చెదలు తిన్నాయో. ఇక్కడి మిషన్ ఆఫీసు కాగితాల్లో ఏమున్నాయో నేను అడిగి చూస్తాను. మీ ముత్తాత పేరు, పల్లె పేరు నాకు విడిగా పంపండి, ఇక్కడ వద్దు.

ఒంగోలు మేష్టారు

పంపుతాను. మార్చి 14న టికెట్. దిగిన వారంలోనే ఒంగోల్లో పాత రిజిస్టర్లు ఎవరి దగ్గరున్నాయో అడుగుతాను. ఇంగ్లిషులో రాసుకున్నారో తెలుగులోనో. తెలుగైతే చదివేస్తాను. ఇంగ్లిషైతే మనవరాలు ఫోన్‌లో ఉంటానంది, పొడుగు ఎస్‌లు తనకిప్పుడు బాగా వచ్చట.